కరీముల్లా బాబాయ్ నీలం మందు

నేను ఎవరి కాపురమూ కూల్చలేదు, ఎవరి నగలూ కాజేయలేదు. ముందే చెబుతున్నాను, లేకపోతే మీరు ఏవేవో ఊహించుకుంటారు. నేను చేసింది వింటే నవ్వొస్తుంది. గాజు గొట్టంలో మా అత్తగారి మూత్రం పోయాల్సిన చోట నాది పోశాను. అంతే. ఆ 'అంతే'ను ముప్పై ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. దేవుడికి కూడా సరిగ్గా చెప్పలేదు. తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించమని అన్నిటితో కలిపి దండం పెట్టేశాను. ఇది తెలియక చేసింది కాదని ఆయనకు తెలియదా? ఎవరికో ఒకరికి విడిగా చెప్పాలి. మీకు చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. కాపురం రెంటచింతలలో. మా అత్తగారు వెంకాయమ్మ గారికి షుగరు. నరసరావుపేట డాక్టరు మాత్రలు ఇచ్చి, వారానికి రెండుసార్లు ఇంట్లోనే పరీక్ష చేసుకోమన్నాడు. ఆ రోజుల్లో వేలు గుచ్చి చూసే మిషన్లు మా దాకా రాలేదు. నీలం రంగు మందు ఒకటి ఉండేది. దాన్ని గాజు గొట్టంలో పోసి, మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే షుగరు లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుకరంగు వస్తే ముదిరినట్టు. ఐదో తరగతి చదివినదాన్ని కాబట్టి కాచడం, రంగు పేరు పుస్తకంలో రాయడం నా పని. మా ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు కాగేది అదే.

వరసగా మూడుసార్లు ఇటుకరంగు వస్తే మాత్రలు ఆపి ఇన్సులిన్ సూది మొదలుపెడతానన్నాడు డాక్టరు. మా అత్తగారికి యముడన్నా అంత భయం లేదు. వాళ్ళ పుట్టింటి వైపు ఒకాయన సూది మొదలుపెట్టిన మూడు నెలలకే పోయాడట. ఆయన పోయింది బావిలో పడి. అయినా ఆవిడ లెక్కలో సూది వల్లే.

రెండుసార్లు ఇటుకరంగు వచ్చింది. మూడోసారి పొద్దున నేను దీపం వెలిగిస్తుంటే ఆవిడ పెరటి గుమ్మంలో నిలబడింది. నన్నెప్పుడూ 'ఏమే' అని తప్ప పిలవని మనిషి.

"ఏమ్మా, నీయి పొయ్యరాదూ? కుర్రదానివి, నీలంగా వచ్చిద్ది."

"అదేంది అత్తా, డాక్టరు గారికి తెలిస్తే?"

"ఆయనేమన్నా రుచి చూస్తాడా ఏంది?"

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడా నవ్వింది. పెళ్ళయిన నాలుగేళ్ళలో మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వుకే లొంగిపోయానా, 'అమ్మా' అన్న పిలుపుకా? ఏదైతేనేం, పుస్తకంలో 'నీలం' అని రాశాను. నా చేతిరాత ఎప్పుడూ లేనంత గుండ్రంగా వచ్చింది.

ఒక్కసారితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నాలుగు నెలలు మా అత్తగారి షుగరుకు నేనే పూచీ. విచిత్రం ఏమిటంటే, ఆ నీలం రంగును ఆవిడ నమ్మేసింది. అది నాదని తెలుసు, తెలిసీ నమ్మింది. "నీలంగానే ఉంది గందా" అని నా ధైర్యంతో మామిడిపళ్ళు తిన్నది, పెరుగన్నంలో బెల్లం నంజుకున్నది. మా ఆయన అమ్మకు షుగరు పోయిందని ఊరంతా చెప్పాడు. డాక్టరు పుస్తకం చూసి సంతోషించి మాత్ర సగానికి తగ్గించాడు. అప్పుడైనా నోరు తెరవాలి కదా? డాక్టరు ఎదుటే బల్ల మీద కూర్చున్నాను. నోట్లో నాలుక ఉంది. ఆయన నా దస్తూరీని మెచ్చుకుంటే సిగ్గుపడి తల వంచుకున్నాను.

తర్వాత చెప్పు కరిచి ఆవిడ కుడికాలి చిటికెనవేలు పుండు పడింది. మానలేదు, నల్లబడింది. నరసరావుపేటలో రక్తం పరీక్ష చేశారు. డాక్టరు కాగితం వంక, నా పుస్తకం వంక మార్చి మార్చి చూశాడు. వేలు తీసేశారు. మాత్రలు ఆపేశారు. ఇంటికెళ్ళిన రెండోరోజు నుంచి ఇన్సులిన్ అన్నారు. నీలం మందు పాడైపోయుంటుందని, అది ఎక్కడ కొన్నారని మా ఆయనను అడిగారు.

కొన్నది మా వీధి మొదట్లోని కరీముల్లా బాబాయ్ మందుల షాపులో. మా ఆయన బస్సు దిగి, ఇంటికి కూడా రాకుండా నేరుగా అక్కడికెళ్ళి, "నీ దొంగ మందు మా అమ్మ వేలు తిన్నది" అని నలుగురిలో అరిచాడు. బాబాయ్ మెత్తని మనిషి. అప్పటిదాకా ఆయన సరుకు మీద ఎవరూ మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే మేము వాడిన సీసా కాక, మూత తీయని కొత్త సీసా ఒకటి, దీపం, గొట్టాలు సంచిలో పెట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు. వెనకే సగం వీధి.

"పెద్దమ్మ నీళ్ళు తెప్పించు. అందరి ముందే చూద్దాం" అన్నాడు మా ఆయనతో.

నేను గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాను. అత్తగారు కట్టుకాలితో మంచం మీద ఉంది. నావంక చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. ఇవ్వననలేదు, వద్దనలేదు. ఈసారి కూడా ఆవిడ చెప్పబట్టే చేశానని అనుకోవడానికి వీల్లేకుండా చేసింది. ఆవిడవి తీసుకెళ్తే ఇటుకరంగు వస్తుంది, బాబాయ్ మాట నిలబడుతుంది, నా నాలుగు నెలల గుండ్రటి అక్షరాలు బయటపడతాయి. పెరట్లో నేను ఆలోచించింది ఎంతసేపు? గ్లాసు నిండినంతసేపే.

బాబాయ్ గ్లాసు అందుకుని నా మొహంలోకి చూశాడు.

"అత్తగారియ్యేనా అమ్మా?"

"అత్తగారియ్యి కాక నాయా బాబాయ్?"

అరుగంతా నవ్వింది. ఆయన కూడా నొచ్చుకుంటూనే నవ్వి, దీపం వెలిగించాడు. వాడిన సీసాతో నీలం. కొత్త సీసాతోనూ నీలం. ఇంకొకరి నీళ్ళతో చూద్దామని అంత గొడవలో ఎవరికీ తోచలేదు. ఆయన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చానాసేపు చూశాడు. తర్వాత తల ఎత్తి, "మా రేకుల కింద ఎండకు మందు చచ్చిపోయింది" అన్నాడు. రెంటచింతల ఎండ సంగతి తెలిసిన వాళ్ళంతా అవునన్నారు. నా తప్పు ఆ విధంగా సూర్యుడి మీదికి పోయింది. బాబాయ్ లోపలికి వచ్చి మంచం దగ్గర నిలబడి, చేతులు జోడించి, "నావల్లే నీ వేలు పోయింది పెద్దమ్మా" అన్నాడు. అత్తగారు గోడవైపు నుంచి తిరగలేదు. కోపం అనుకున్నారంతా.

నెల తిరక్కుండానే షాపులో ఫ్రిజ్ పెట్టాడు. మా వీధిలో అదే మొదటిది. ఇన్సులిన్ బుడ్డీలు అందులో దాచి ఇచ్చేవాడు, ఫ్రిజ్ అవసరం లేని నీలం మందు కూడా అందులోనే పెట్టేవాడు. వేసవిలో పిల్లలు అక్కడికే ఐసు నీళ్ళకు పరిగెత్తేవాళ్ళు. వాళ్ళు తాగింది నా అబద్ధం చలవ.

సూది వేయడం నాకు నేర్పింది కూడా ఆయనే. వంకాయ మీద. రెండు రోజులు మా ఇంట్లో చిల్లులు పడ్డ వంకాయలే కూర. అత్తగారికి మొదటి సూది నేనే వేశాను. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, తెరిచి, "అయిపోయిందా? ఓసి దీని దుంప తెగ, చీమ కుట్టినట్టు కూడా లేదే! దీనికా నేను వేలు పోగొట్టుకుంది?" అంది. నవ్వబోయింది. నన్ను చూసి ఆపేసింది. తర్వాత తొమ్మిదేళ్ళు రోజూ నా చేత్తోనే వేయించుకుంది, ఒళ్ళు తేరుకుంది, సూది అంత మంచిది లేదని అందరికీ చెప్పింది. ఆ సంగతి మాత్రం మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు.

బుడ్డీకి వెళ్ళినప్పుడల్లా బాబాయ్ మొదట అడిగేది ఒకటే, పెద్దమ్మ కాలు ఎట్టా ఉందని. ఒకసారి షాపులో ఎవరూ లేరు. గుండె చిక్కబట్టుకుని, "బాబాయ్, ఆ రోజు..." అన్నాను.

"ఆ రోజు సంగతి ఎత్తబాకమ్మా, నాకు సిగ్గు" అన్నాడాయన.

నేను ఎత్తలేదు. ఆయన మీద జాలితో ఊరుకున్నానని చానా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. జాలి కాదు. బతికిపోయాననిపించింది. బుడ్డీ కొంగులో చుట్టుకుని ఇంటికి వచ్చి ఆకలేసి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

అత్తగారు పోయింది. ఆ తర్వాత బాబాయ్ కూడా, పాడైన మందు అమ్మి ఒక ముసలమ్మ వేలు పోగొట్టాననే అనుకుంటూ పోయాడు. ఇప్పుడు నేనే సూది వేసుకుంటున్నాను, నాకూ షుగరే. నా నీళ్ళూ ఇక నీలంగా రావు. మీరు క్షమించనక్కర్లేదు, క్షమించాల్సింది మీరు కాదు. కరీముల్లా బాబాయ్ సరుకులో ఏ దోషమూ లేదు. ఎండ చేసిందీ ఏమీ లేదు. చేసింది నేను.