సున్నా గెలుపుల రెజ్యుమే

2022 వేసవి. టెక్సాస్‌లోని ప్లేనోలో మా ఆఫీసు బయట కార్లు అప్పడాల్లా వేగుతున్నాయి. నేను స్టాఫింగ్ కంపెనీలో రిక్రూటర్‌ని. ఉద్యోగం వెతుక్కునేవాళ్ల రెజ్యుమేలు క్లయింట్ కంపెనీలకు పంపడం నా పని. పంపేముందు వాటికి కాస్త నీళ్లూ ఎరువూ వేయడం కూడా. ఉదయం నా చేతిలో పడ్డ రెండేళ్ల అనుభవం సాయంత్రానికి ఎనిమిదేళ్లదై, మీసం మెలేస్తూ బయటికి వెళ్లేది.

అందుకే హవియేర్ రెజ్యుమే చూడగానే నా ఒళ్లు జలదరించింది. మనిషి స్పెయిన్‌వాడు, నలభైకి దగ్గరపడ్డాడు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేశాడు. అంతకుముందు అనుభవం: ప్రొఫెషనల్ సైక్లిస్ట్, కొండలెక్కడంలో స్పెషలిస్ట్, పదకొండేళ్లు. గెలుపులు: సున్నా.

"లావణ్యా, వీడెవడో ఘటికుడమ్మా! ఇంత తక్కువ చెప్పాడంటే వెనకాల ఎంత దాస్తున్నాడో?" అన్నాను పక్క సీట్లోని అమ్మాయితో.

"నిజమే రాశాడేమో అన్నా."

"రెజ్యుమేలోనా?"

వీడియో కాల్ పెట్టి లాయర్‌లా నిలదీశాను. "కొండల స్పెషలిస్టువి, ఒక్కటీ గెలవలేదా?"

"గెలవడం నా పని కాదు. కొండమీద మా టీమ్ లీడర్‌కి ముందు తొక్కుతూ వేగం పడిపోకుండా చూడాలి. నా కాళ్లు అయిపోయాక అతను ముందుకెళ్లి గెలిచేవాడు. నేను ఎప్పటికో పైకి చేరేవాణ్ణి." కెమెరాకి దగ్గరగా జరిగాడు. "వచ్చే నెల నా భార్యకు డెలివరీ. హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్న ఉద్యోగం కావాలి. ఇది రావాలి."

ఇక రిఫరెన్స్ చెక్, అంటే పాత చోట ఫోన్ చేసి విచారించడం. మా లైన్లో ఫోనెత్తే ఆ పాత మేనేజర్ సాధారణంగా అభ్యర్థి రూమ్మేటే. వెనకాల కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. హవియేర్ ఇచ్చిన నంబర్లో అతని లీడర్ పలికాడు. "నా ట్రోఫీల్లో సగం అతనివే," అన్నాడు. విజిల్ కోసం చెవులు ఏనుగు చెవులంత చేసుకుని విన్నాను. రాలేదు. కుక్కర్ కట్టేసి మరీ మాట్లాడుతున్నారంటే ఇది మామూలు ముఠా కాదనుకున్నాను!

అబద్ధమే అయినప్పుడు నిండుగా ఉండనీ అని, సున్నా చెరిపి మూడు వేసి క్లయింట్‌కి పంపేశాను. హవియేర్‌కి చెప్పలేదు.

ఇంటర్వ్యూ కాల్‌లో నేను మ్యూట్‌లో కూర్చుని వింటున్నాను. క్లయింట్ మేనేజర్ సంబరంగా అడిగింది. "మూడు గెలుపులా! ఏ కొండలు?"

"సున్నా. ఆ అంకె నేను రాయలేదు."

నా గుండె జారి డాలస్‌లో పడింది.

"మరి ఎవరు రాశారు?"

"నాకు మేలవుతుందనుకున్న మనిషి. నేను రాసింది ఇప్పుడే పంపుతాను, పోల్చి చూడండి."

ఆమె రెండు రెజ్యుమేలూ పక్కపక్కన పెట్టి చదివింది. అతని బిడ్డ ఇన్సూరెన్స్‌ని నా రెండు వేళ్లతో నేనే నలిపేశాననిపించింది. చివరికి ఆమె అడిగింది. "డెవలపర్ వచ్చి కోడ్ బ్రహ్మాండంగా ఉందంటే ఏం చేస్తారు?"

"మా లీడర్ ప్రతి కొండమీదా బాగానే ఉన్నానని చెప్పేవాడు. నేను మాట నమ్మేవాణ్ణి కాదు, వెనక్కి తిరక్కుండా అతని ఊపిరి వినేవాణ్ణి. ఆయాసం పెరిగితే వేగం తగ్గించేవాణ్ణి. కోడ్‌నీ అలాగే నడిపి చూస్తాను."

శుక్రవారం ఆఫర్ లెటర్ వచ్చింది. దాంతోపాటు ఆ మేనేజర్ నుంచి నాకు విడిగా ఒక మెయిల్: మీరు పంపే ప్రతి టెస్టింగ్ రెజ్యుమేని ఇకమీదట హవియేరే ముందు చూస్తాడు.

ఇన్నేళ్లూ మనుషుల అబద్ధాల్ని పట్టుకోవడంలో నన్ను మించినవాడు టెక్సాస్‌లోనే లేడనుకున్నాను. నాకు తెలిసిందల్లా నా చేతిరాతేనని, అందరి కాగితాల్లోనూ దాన్నే వెతుకుతున్నానని ఆ కేసు చెప్పింది.

తర్వాతి వారం ఒక టెస్టర్ అమ్మాయి రెజ్యుమే తెరిచాను. అనుభవం ఏడు నెలలు. అలవాటుగా వేలు కీబోర్డు మీదికి వెళ్లింది.

"అన్నా, వాటిని ఎన్నేళ్లు చేస్తున్నావ్?" అంది లావణ్య నవ్వుతూ.

"ఏడు నెలలేనమ్మా," అని సెండ్ నొక్కేశాను.