వంకల బాబాయి ఇల్లమ్మిన విధం

మా ఇంటి యజమాని వంకల బాబాయి తన సొంత వస్తువు గురించి చచ్చినా మంచిమాట చెప్పడు. చొక్కా బాగుందంటే లోపలి చిరుగు చూపిస్తాడు. "మీ అల్లుడు బంగారమండీ" అంటే "పూతే" అంటాడు, అల్లుడు పక్కనే ఉన్నా సరే.

అలాంటి మనిషికి ఇల్లు అమ్మాల్సొచ్చింది. అద్దెకిచ్చిన ఇంటిని, కొని అందులో తామే కాపురముండేవాళ్లకి అమ్మితే లాభం మీద పన్ను ఉండదని ప్రభుత్వం ప్రకటించింది. గడువు ఈ ఏడాది చివరిదాకే. కొన్నవాళ్లు వచ్చి దిగుతారు, అంటే మేం ఖాళీ చెయ్యాలి. మా ఆవిడ కుట్టుమిషను, ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే వీధి, అంతా ఇక్కడే. మేమే కొందామని బ్యాంకులో అప్పుకి పెట్టుకున్నాం. బాబాయికి చెబితే "ఈ కొంపనా? మీకిదేం పోయేకాలం!" అన్నాడు. బ్యాంకు ఉలకదు, పలకదు. బెల్లు మోగితే చాలు, ఇల్లు చూడ్డానికి ఎవరొచ్చారోనని కిటికీలోంచి తొంగిచూసేవాణ్ణి.

కొనేవాళ్లని అల్లుడు పంపేవాడు. మొదట టీచరు దంపతులు వచ్చారు.

"వెలుతురు బాగుందండీ," అంది టీచరమ్మ.

"ఎండాకాలం రండి తెలుస్తుంది, పెనం మీద కూర్చున్నట్టుంటుంది," అన్నాడు బాబాయి. "ఆ గోడ చూశారా? వానొస్తే మనకంటే ముందు అదే తడుస్తుంది."

నిజానికి ఆ గోడ ఏనాడూ తడవలేదు. ఆయన నోరే అంత అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఇలా ఎన్నాళ్లని?

తర్వాత వచ్చిన ఇంజనీరు గట్టిపిండం. గోడ చెమ్మంటే "బాగుచేయిస్తా" అన్నాడు. కుళాయి కారుతుందంటే "మార్పిస్తా" అన్నాడు. అడ్వాన్సు తియ్యడానికి జేబులో చెయ్యి పెట్టాడు. మా ఆవిడ మిషను ఆపేసి నా చెయ్యి పట్టుకుంది.

బాబాయి గదంతా దిక్కులు చూసి, ఇంకే వంకా దొరక్క, మమ్మల్ని చూపించాడు.

"అసలు సంగతి చెప్పలేదు. వీళ్లు మహా మొండిఘటాలు. కోర్టుకెక్కినా కదలరు."

ఇంజనీరు చెయ్యి జేబులోంచి ఖాళీగా వచ్చింది. ఏనాడూ అద్దె ఎగ్గొట్టని నేను నోరెళ్లబెట్టాను. ఇల్లు మిగిలినందుకు సంతోషించాలో, పరువు పోయినందుకు ఏడవాలో తెలియలేదు.

గడువు ఇహ ముగుస్తుందనగా బ్యాంకు ఒప్పుకుంది. బాబాయి ఇంటికి పరుగెత్తుకెళ్లి చెబితే, తలుపు తీసిన పిన్నిగారు అక్కడే చతికిలబడింది.

"బతికించావు నాయనా! ఇన్నాళ్లూ ఈయనకి తిండి లేదు, నిద్ర లేదు. గడువు దాటితే పన్ను నెత్తిన పడుతుందని అల్లుడు ఒకటే పోరు. ఈయనేమో ఆ పిల్ల మిషను అక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదంటాడు. లేని చెమ్మ ఉందని, కారని కుళాయి కారుతుందని ఎంతమందికి చెప్పాడో!"

"మాతో ఒక్కమాట అనొచ్చుగా బాబాయిగారూ?" అన్నాను.

"ఆశ పెట్టాక బ్యాంకు కాదంటే? నీకేం, ఆ పిల్ల తట్టుకోవద్దూ!" అని ఆయన మొహం తిప్పేసుకున్నాడు.

రిజిస్ట్రేషనైన మర్నాడు వచ్చాడు. గది మధ్యలో నిలబడి, నలువైపులా చూసుకుని, "నిక్షేపంలాంటి ఇల్లమ్మా. నిన్ను కళ్లల్లో పెట్టుకు చూసుకుంటుంది," అన్నాడు మా ఆవిడతో.

నాకు ఒళ్లు మండింది. "ఆ ముక్క ఇన్నాళ్లూ ఎందుకు అనలేదండీ?"

"అప్పుడు నాది కదయ్యా!"