బోర్డు వెనక పురుడు

మా అత్తగారికి ఈ లోకంలో ఇద్దరంటే పడేది కాదు. ఒకటి ఉడత. రెండో మనిషిని నేనే అనుకునేదాన్ని గాని, ఉడత ముందు నాకంత ప్రాధాన్యం లేదని తరవాత తెలిసింది.

బరంపురంలో మా ఇల్లు ముందు కొట్టు, వెనక కాపురం, ఆ వెనక పెరడు. కొట్లో పప్పులు, పెరట్లో జామచెట్టు. ఇంతకన్నా మంచి సంబంధం ఏ ఉడతకూ దొరకదు. అవి మాతోనే ఉండేవి. మేమే వాటితో ఉంటున్నామని వాటి అభిప్రాయం అయి ఉండవచ్చు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. పుట్టిల్లు ఇచ్ఛాపురం మద్రాసు వైపే ఉండిపోయింది. మెట్టినిల్లు ఒరిస్సాలోకి వెళ్లింది. నేను దాటింది గడప ఒక్కటే, రాష్ట్రం దాటింది ఇల్లే. రైలు సరిహద్దులోని గిరిసోల దగ్గరకి వచ్చినప్పుడల్లా కిటికీలోంచి కొత్తగా గీసిన ఆ గీత కోసం చూసేదాన్ని. అటూ అవే వరిచేలు, ఇటూ అవే. వీపు మీద మూడు గీతలు మోసుకు తిరిగే ఉడతకు నాలుగో గీత ఒక లెక్కా? మాకే లెక్కయింది.

ఎండాకాలంలో అత్తగారు గుమ్మడి వడియాలు చాప మీద పెట్టి, కాకి ఈక ఒకటి కర్రకు కట్టి నిలబెట్టి, నన్ను పక్కన కాపలా కూర్చోబెట్టేవారు. ఈకను చూసి కాకులు భయపడేవి. నన్ను చూసి ఉడత భయపడేది కాదు. వడియాన్ని రెండు చేతులా పట్టుకుని, నా ఎదుటే కూర్చుని, మగపెళ్లివారిలా తినేది.

"నీ కాపలా సల్లగుండ. ఇస్తరేసి ఒడ్డించకపోయేవా?" అనేవారు అత్తగారు.

జామకాయలకు తన పాత ఎర్రంచు చీర చింపి సంచులు కుట్టి కట్టారు. ఉడతలు కాయలూ తిన్నాయి, సంచులూ పీక్కుపోయాయి. ఆ గుడ్డ ఎక్కడికి పోయిందో మాకు అప్పుడు తెలియలేదు.

ఆ రోజుల్లోనే మా వీధిలో కొట్ల బోర్డులు ఒకటొకటిగా ఒడియాలోకి మారాయి. మార్చమని ఎవరూ మెడ మీద కూర్చోలేదు. పక్క కొట్టువాళ్లు మార్చారు కనక మనమూ మార్చాలన్నారు మావారు. ఆయన భయస్తులు కారు, వ్యాపారస్తులు. మా తెలుగు బోర్డు, పోయిన మామగారు రాయించినది. అత్తగారికి చదువు రాదు. మామగారు ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చూపించారట. ఆవిడ వాటిని ముగ్గులు గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకున్నారు. పొద్దున్నే వాకిలి ఊడ్చి, తలెత్తి ఆ బోర్డు ఒకసారి చూసుకుని గాని లోపలికి వచ్చేవారు కాదు. దాన్ని దించిస్తున్నట్టు కొడుకు ఆవిడతో చెప్పలేదు.

బోర్డులు రాసే ఒడియా ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కాడు. మేకు పీకబోతుండగా చూరు మీంచి ఉడత ఒకటి తోక కుచ్చులా లేపి తిట్లు లంకించుకుంది. బోర్డుకీ గోడకీ మధ్య గూడు. కొబ్బరిపీచు, దూది, నడిమధ్య ఎర్రంచు గుడ్డ. ఆ గుడ్డలో కళ్లు తెరవని పిల్లలు.

అత్తగారు చీపురుతో బయటికి వచ్చారు. ఉడతకు నూకలు చెల్లాయనుకున్నాను. ఆవిడ చీపురు నిచ్చెన కేసి చూపించారు.

"దిగు. ఈ ఇంట పురుడుంది. మేకు పీకరు, మేకు కొట్టరు."

కడుపుతో ఉన్నవాళ్లూ బాలింతలూ ఉన్న ఇంట గోడకు మేకు కొట్టకపోవడం మా ఆచారం. ఉడతకు అది వర్తిస్తుందని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు.

"అమా, అది ఉడత," అన్నారు మావారు.

"అయితే ఏటి? నా సీర కప్పుకుని, నా వడియాలు తిని, నా గోడ మీద కన్నాది. నా ఇంటి ఆడపిల్ల కాక మరేటి?"

"నిన్నటిదాకా దాని మీద సీపురు ఇసిరేవు కదా?"

"కూతుర్ని తిట్టుకుంటాం. పురుటికొస్తే ఎల్లగొడతామా?"

బోర్డు ఆయన మెల్లగా దిగాడు. "మావుసీ, మా ఇళ్లల్లో కూడా కొట్టం," అని పిన్ని వరసలో చెప్పి సుత్తి సంచిలో వేసుకున్నాడు. ఆచారాలకు కూడా ఆ గీత కనపడినట్టు లేదు.

ఆ రోజు నుంచి అరుగు మీద ఉడతకు నానబెట్టిన పెసలు. బాలింతకు కారప్పొడి కూడా పెడతారా అని నేను అడిగాను.

"నీ కానుపుకి పెడతాన్లే. దాన్ని సూసి నేర్సుకో," అన్నారు.

పక్క కొట్టాయన ఊరుకోక, "మీ బోర్డు ఉడతలు సదువుతాయేటమ్మా?" అన్నాడు.

"నీ కొట్టుకొచ్చినోలు బోర్డు సూసి కొంతారా, పప్పు సూసి కొంతారా? పప్పు సూస్తే మరి రారు," అన్నారు అత్తగారు.

కానీ పిల్లలు ఎన్నాళ్లని పిల్లలు? ఒకనాడు చూస్తే జామచెట్టు మీద తల్లితో పాటు పరుగులు తీస్తున్నాయి. గూడు ఖాళీ. మావారు బోర్డు ఆయనకు మళ్లీ కబురు పెట్టారు. ఈసారి అత్తగారికి చెప్పే పెట్టారు. నిచ్చెన వేశారు. అత్తగారు చీపురు కింద పెట్టి, తలెత్తి ఆ అక్షరాలు చూస్తూ నిలబడ్డారు. నేనది చూడలేకపోయాను.

నా దగ్గర ఒక మాట ఉంది. ఇచ్ఛాపురం వెళ్లి ముందు మా అమ్మ చెవిలో వేద్దామని దాచుకున్న మాట. అప్పటిదాకా పరాయి మగవాళ్ల ముందు పలకని దాన్ని, గుమ్మం దాటి వీధి అరుగు మీదికి వచ్చాను.

"మేకు ముట్టుకోకండి," అన్నాను.

మావారు విసుక్కున్నారు. "మళ్లీ ఉడతా?"

"ఉడత కాదు."

ఆయనకు అర్థం కాలేదు. నిచ్చెన మీది ఆయనకు అయింది, దిగిపోయాడు. అత్తగారు నన్ను కింది నుంచి పైదాకా చూసి, చీపురు తీసుకుని కొడుకు వైపు తిరిగారు.

"యిన్నావా? ఎల్లు. కొట్లో కూకో."

ఒడియా బోర్డు కూడా తరవాత వచ్చింది. కాదనలేదు, దాన్ని తాడుతో స్తంభానికి కట్టించాం. కొనేవాళ్లు రెండూ చూసేవారు, పప్పు మాత్రమే కొనేవారు. తెలుగు బోర్డు దించడానికి పురుడు లేని రోజు కోసం మావారు చాలాకాలం కాచుకున్నారు. పాపం, దొరకలేదు. నేను తెరిపి ఇచ్చినప్పుడు ఉడత అందుకునేది.