చిన్నమ్మను పిలిచిన గొంతు

పోయిన ఆదివారం మదనపల్లెలో ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి, కళ్లజోడు తుడుచుకుని ఫోను తీస్తే, మా సంఘం స్త్రీల గ్రూపులో కొత్తగా అంగళ్లు ఊరి కాలేజీలో పనికి చేరిన ఒక అమ్మాయి, మనసు బాగుండటం లేదు, ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే భయమేస్తోంది, ప్రార్థించండి అని రాసి ఉంది. దాని కింద వరుసగా జోడించిన చేతుల బొమ్మలు, ఆమేన్‌లు. నా వేలు కూడా అలవాటుగా ఆ బొమ్మ మీదికే పోయింది గానీ నొక్కలేకపోయాను. సాయంత్రం ఆటో ఎక్కి ఆ అమ్మాయి ఇంటికి పోయి, చీకటి పడేదాకా కూర్చుని వచ్చాను. మోకాళ్ల నొప్పులున్నదానివి అంత దూరం ఎందుకు పోయావని ఇంట్లో కోప్పడ్డారు. ఎందుకు పోయానో చెప్పాలంటే మా చిన్నమ్మ సంగతి చెప్పాలి.

నేను మిషను ఆసుపత్రిలో నర్సుగా కొత్తగా చేరిన రోజులవి. గురువారం నాకు సెలవు. టమాటా గంపలతో కిక్కిరిసిన బస్సులో నిలబడి పుంగనూరు పోయేదాన్ని, ఎందుకంటే అమ్మకు చెల్లెలైన మా చిన్నమ్మ అక్కడే ఉండేది, గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడిక వాళ్లింట్లోనే జరిగేది. పిల్లల్లేని ఇల్లు. చిన్నాన్న పొద్దున పాల డిపోకు పోతే సాయంత్రానికే రావడం. పాట, వాక్యం అయ్యాక అందరం ఈతచాపల మీద మోకాళ్లు తగిలేటంత దగ్గరగా గుండ్రంగా కూర్చుంటే, ఈ వారం దేవుడు నీతో ఏం మాట్లాడినాడమ్మా అని పాస్టరమ్మ ఒక్కొక్కరినే అడిగేది. అలా సాక్ష్యం చెప్పినామె చేయి పక్కనున్నామె పట్టుకుని ఆమె కోసం ప్రార్థించాలి. అదీ మా పద్ధతి.

నిజం చెప్పాలంటే దేవుడు నాతో ఏమీ మాట్లాడని వారాలే ఎక్కువ. అలాంటప్పుడు బస్సు పుంగనూరు చేరేలోగా ఏదో ఒకటి అల్లుకునేదాన్ని. నేనొక్కదాన్నే అనుకోకండి, ఒకామె తన ఆవు ఈనిన సంగతినే మూడు వారాలు మూడు రకాలుగా సాక్ష్యం చెప్పింది, మేమూ మూడుసార్లూ స్తోత్రం అన్నాం. అయినా ఆ చాపల మీద కన్నీళ్లతో చెప్పుకున్న నిజాలు కూడా ఉన్నాయి.

మా చిన్నమ్మ మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా తల అడ్డంగా ఊపి ఊరుకునేది. అలాంటిది ఒక గురువారం, అడగకముందే, చాప పుల్లలు గిల్లుకుంటూ మెల్లగా అంది. “మద్యానం ఒక్కదాన్నే ఉండేటప్పుడు ఇంటెనక నించి ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తాండారు. పోయి సూస్తే ఆడ ఎవరూ ఉండరు.”

పెరట్లో కొళాయి చుక్కలు పడే చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు పాస్టరమ్మ కళ్లు తడిశాయి. గుడిలో పడుకున్న పసివాడిని దేవుడు పేరు పెట్టి పిలిచిన బైబిలు కథ సండే స్కూల్ నుంచి మా అందరికీ కంఠస్థమే కదా, ఇంకేముంది, ఆ పిలుపే మా చిన్నమ్మకు వచ్చిందని చాప మీద ఉన్నవాళ్లందరూ ఉప్పొంగిపోయారు. ఈసారి పిలిస్తే చిత్తం ప్రభువా అని పలుకు తల్లీ అంది పాస్టరమ్మ. పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదని తన చిన్నప్పుడు పెద్దవాళ్లు చెప్పేవాళ్లని ఒక ముసలామె గొణిగితే, ఇంకా ఆ పాత భయాలు పోలేదా అని నవ్వేశాం. చిన్నమ్మ పక్కన కూర్చున్నది నేనే. ఆమె చేయి పట్టుకున్నాను. ఎండాకాలం మధ్యాహ్నం ఆ చేయి చల్లగా, చెమటతో తడిసి ఉంది. నర్సును, నాకు తెలియాలి. కానీ నేను చక్కటి మాటలు ఏరుకుని ప్రార్థించాను, అందరూ బాగా ప్రార్థించావని మెచ్చుకున్నారు కూడా.

ఆ తరువాత గురువారాలన్నీ చిన్నమ్మవే అయిపోయాయి. మళ్లీ పిలిచినాడా అని అడగడానికి పక్క వీధుల వాళ్లు కూడా వచ్చేవాళ్లు. తాను పలికానని చెప్పిందామె. పలికినప్పటి నుంచి ఆ గొంతు దగ్గరికి వస్తోందట. మొదట పెరట్లో, తరువాత వంటింట్లో, ఆ పై వారానికి తలగడ పక్కనే. అది చెబుతున్నప్పుడు ఆమె మా వైపు చూసేది కాదు, మా వెనక గోడ వైపు చూసేది, నాకు తిరిగి చూడాలంటే భయమేసేది. మనిషి చిక్కిపోతూ ఉంటే ఉపవాసాలనుకున్నాం. ఆ గొంతు ఏమంటోందని మాత్రం మాలో ఒక్కరూ అడగలేదు.

ఒక గురువారం నేను పోయేసరికి తలుపు బార్లా తీసి ఉంది, పొయ్యి మీద అన్నం మాడి పొగ వస్తోంది, చిన్నమ్మ లేదు. కూడికకు వచ్చినవాళ్లు వాకిట్లో నిలబడి ఉన్నారు. దేవుడే తీసుకుపోయినాడేమో అంది వాళ్లలో ఒకామె, ఆమె గొంతులో భయం కన్నా సంబరమే ఎక్కువగా వినిపించింది. చెప్పుల్లేకుండా కుప్పం బస్సు ఎక్కడం చూశానని ఎదురింటాయన చెబితే, చిన్నాన్నా నేనూ తరువాతి బస్సు పట్టుకున్నాం.

కుప్పంలో ఆమె పోయే చోటు ఒక్కటే, మా అమ్మమ్మ ఇల్లు. అమ్మమ్మ పోయి ఏడాది దాటింది, ఇల్లు కొన్నవాళ్లు గోడలన్నీ కూల్చేశారు. ఆ ఖాళీ స్థలంలో, గట్టు కూడా తీసేసిన పాత బావి అంచున, కాళ్లు లోపలికి వేసుకుని కూర్చుని ఉంది చిన్నమ్మ. కేక వేయబోతే చిన్నాన్న నా నోరు మూశాడు. చప్పుడు కాకుండా వెనక నుంచి పోతుంటే ఆమె తల కాస్త పక్కకు వంచి, బావిలోకి, ఎవరో తొందరపెడుతుంటే చెప్పినట్టు, “వస్తాండా, ఉండు” అంది. చిన్నాన్న ఆమెను గట్టిగా పట్టుకుని ఇవతలికి లాగాడు.

బెంగళూరు డాక్టరు దగ్గర చాలాకాలం వైద్యం జరిగింది. మాత్రలతో ఆ గొంతు ఆగిందా అంటే, దూరం జరిగింది గానీ పూర్తిగా పోలేదు అనేది. కొన్ని నెలల తరువాత ఒకరోజు ఇద్దరం అనపకాయలు ఒలుస్తుంటే, చేతిలో పని ఆపకుండానే అంది. “అది మా అమ్మ గొంతని నాకు మొదటి దినం నించే తెలుసు. మీకందరికీ అంత సంతోషమైపాయె, నేనెట్ల కాదనేది? నువ్వు నా చెయ్యి పట్టుకోనుంటివి గదా, ఎవరి గొంతు చిన్నమ్మా అని ఒక్క మాట యాల అడగలేదు?” నేను తల వంచుకుని ఇంకో కాయ ఒలిచాను.

ఆ కూడికలు ఎప్పుడో ఆగిపోయాయి. ఇప్పుడు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, చేతికి మైకు, సాక్ష్యానికి రెండు నిమిషాలు. ఆ దగ్గరితనం పోయిందని నా ఈడు వాళ్లు దిగులుపడుతుంటే నాకూ దిగులే, కానీ అంత దగ్గరగా కూర్చుని కూడా మేము ఎంత దూరంగా ఉన్నామో నాకు తెలుసు. చిన్నమ్మ చివరి రోజుల్లో, మధ్యాహ్నం అయ్యేసరికి, మంచం మీద తల అటు తిప్పి దేన్నో వింటూ ఉండేది. నేను ఆమె చేయి పట్టుకుని, ఎవరు చిన్నమ్మా, ఏమంటాండారు అని అడిగాను. అప్పటికే ఆమెకు మాట పడిపోయింది. నా ముఖంలోకి కాసేపు చూసి, మళ్లీ అటు తిరిగింది.