గోడ దూకి లోపలికి వచ్చినవాడు

1978 జూన్‌లో వర్ధన్నపేట నుంచి వరంగల్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు బదిలీ మీద వచ్చాను. హోదా వ్యాయామ ఉపాధ్యాయుడు, పిల్లల నోట డ్రిల్ సారు. ప్రార్థన వరుసలు, ఆటలు, అల్లరి పిల్లలు అన్నీ నా నెత్తినే ఉండేవి.

ప్రార్థనలో ‘సావధాన్, విశ్రామ్’ చెప్పేవాడు విద్యార్థి నాయకుడు రాజేందర్. అందరి ముందూ పేరు చదివితే చాలు, ఏ పనైనా నెత్తిన వేసుకునేవాడు.

తొమ్మిదో తరగతి కొమురయ్య సంగతి వేరు. తండ్రి పవర్‌లూమ్ కార్మికుడు. వీడికి కొట్లాటలు, బీడీలు. చాలా రోజులు రాకపోయేసరికి నిబంధన ప్రకారం హాజరు పట్టీలో పేరు కొట్టేశారు. ఆ తర్వాత ఒక సాయంత్రం బడి గోడ దూకి లోపలికి వస్తూ అటెండరుకు దొరికాడు. బంతులు ఎత్తుకుపోవడానికేనని అందరూ తేల్చేశారు. హెడ్మాస్టరు గారు పోలీసులకు అప్పగిస్తామన్నారు. ముందు నన్ను మాట్లాడనివ్వమని బతిమాలాను.

కబడ్డీకి వచ్చానన్నాడు కొమురయ్య. క్లాసుకు రానివాడివి ఆటకెందుకు వచ్చావని అడిగాను.

“ఆటకు నేను రాకుంటె ఒకడు తక్కువైతడు సార్, ఏడుగురు కావాలె గదా. క్లాసుకు రాకున్నా ఎవ్వలకు ఎరుకనే ఉండది.”

ఆ మాటను అలాగే వెళ్లి హెడ్మాస్టరు గారికి చెప్పాను.

ఆయన మెత్తబడ్డారు. తండ్రిని పిలిపించి, మళ్లీ ఎగ్గొడితే టీసీ ఇచ్చి పంపేస్తామన్న షరతు మీద వాణ్ని తిరిగి చేర్చుకున్నారు. పదవి ఇస్తే రాజేందర్‌లాగే వీడూ బాధ్యతగా ఉంటాడని కబడ్డీ కెప్టెన్ బిల్ల కూడా ఇచ్చారు. వాడు దాన్ని జేబులో వేసుకున్నాడు, మళ్లీ బయటికి తీయలేదు. నేను రాజేందర్‌ను పిలిచి, రోజూ వాడి ఇంటి మీదుగా వస్తూ కేకేసి తీసుకురమ్మన్నాను. ప్రార్థనలో నీ పేరు చదువుతానని ఆశ పెట్టాను. ఆ ఆశతోనే అయినా రాజేందర్ ఒక్కరోజూ మానలేదు. ఆ కేక కోసం కొమురయ్య గుమ్మంలోనే నిలబడి ఉండేవాడట.

ఒక వాన పొద్దున ప్రార్థన గంట కొట్టినా ఇద్దరూ లేరు. హెడ్మాస్టరు గారు నా వంక చూశారు. టీసీ తప్పదనుకున్నాను. ప్రార్థన ముగిసే వేళకు కొమురయ్య నిలువునా తడిసి, రొప్పుతూ వచ్చాడు.

“రాజేందర్ పిలువ రాలే సార్. ఏమైందోనని ఆళ్లింటికి పోయొచ్చిన. జెరమొచ్చి పండుకున్నడు.”

 ఆలస్యమైనా వాడికి హాజరు వేయమన్నారు హెడ్మాస్టరు గారు.

తర్వాత ఎన్నో బళ్లలో పనిచేశాను. నాయకుడయ్యే పిల్లవాడు నలుగురూ తనను చూడాలని పనిచేస్తాడు, అందులో తప్పు లేదు. దారి తప్పినవాడికి కావలసింది వేరు. రాని రోజున తన కోసం అడిగే మనిషి ఒకరుంటే, వాడు బడికి వస్తాడు.