మా సార్ వెతికిన కొవ్వు

మా సార్ పోయారని నాకు చెప్పింది ఆయన భార్యే. పొద్దున్నే నెల్లూరులో నా రూములో పళ్ళు తోముకుంటా ఉంటే ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, మీ సారు లేరు. లేస్తానే గుండె పట్టుకున్నారు. అంతే," అన్నారు అమ్మ. ఆ మాటకి నేను ఏమన్నానో చెప్పకుండా ఈ నాలుగు ముక్కలు రాయలేను. "డబ్బాలో నైట్రోజన్ పోసినారా అమ్మా?" అన్నాను.

ఛీ. ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్ళు ముడుచుకుపోతోంది. మామూలు గొంతుతోనే, "పోసినార్లే. నువ్వు రా," అని ఆమె ఫోన్ పెట్టేసినారు. నాకు పని నేర్పిన మనిషి పోయారంటే నా నోట్లోంచి "అయ్యో" రాలేదు, డబ్బా వచ్చింది. మీరు నన్ను ఏమనుకున్నా సరే, నేనూ అదే అనుకుంటున్నాను.

సార్ నెల్లూరులో ఒక కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పేవారు. నేను ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆయన పుట్టింది సముద్రం ఒడ్డున మైపాడులో, చేపలు పట్టే ఇంట్లో. ఉద్యోగం వచ్చినా కాపురం టౌనుకి మార్చలేదు, రోజూ బస్సులోనే వచ్చేవారు. సొంత ఊరి మీద అంత ప్రేమ అని కాలేజీలో అందరూ మెచ్చుకునేవాళ్ళు. ప్రేమ ఉంటే ఉండొచ్చు గానీ అసలు కారణం స్క్విడ్లు, వలల్లో పడే మెత్తటి, పెద్దకళ్ళ సముద్రపు జీవులు. పడవలు ఒడ్డుకొచ్చేసరికి ఆయన వెలుగు సోకకుండా నల్లరంగు పూసిన బకెట్ పట్టుకుని అక్కడ ఉండాలి. ఇంకా ప్రాణంతో ఉన్న స్క్విడ్లని సముద్రపు నీళ్ళలో వేసి, మూత పెట్టి, ఇంటికి తెచ్చేవారు. ఇంటి వెనకాల ఒక చీకటి గది, అందులో ఎర్రబల్బు. అక్కడ వాటి కళ్ళు తీసి, ద్రవ నైట్రోజన్ ఉన్న డబ్బాలో వేసేవారు. ఆ చలికి అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి, ఒంటికి తగిలితే నిప్పులాగే కాలుస్తుంది. నైట్రోజన్ మాత్రం ఊరికే ఆవిరైపోతుంటుంది. మళ్ళీ మళ్ళీ పోస్తూ ఉండాలి. ఒక్కసారి మరిచిపోతే కళ్ళు కరిగి, పనికి రాకుండా పోతాయి.

ఆ డబ్బా చూసి ఊళ్ళో వాళ్ళకి వేరే అనుమానం. పశువుల ఆస్పత్రిలో ఆవుల్ని చూలు కట్టించడానికి ఎద్దు వీర్యం దాచేదీ అట్లాంటి డబ్బాలోనే కదా. ఒక పెద్దాయన ఆవుని తోలుకొచ్చి గుమ్మం ముందు నిలబెట్టి, "అయ్యా, మంచి జాతి ఎద్దుది ఉండాదా?" అని అడిగినాడంట. "నా దగ్గర ఉండేవి కళ్ళే పెద్దాయనా," అన్నారంట సార్. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా చివరికొచ్చేసరికి ఆయనకే నవ్వాగేది కాదు. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకునేవారు.

ఇంతకీ ఆ కళ్ళలో ఏం వెతికేవారంటే, ఒక కొవ్వుని. నేను చేరిన కొత్తలో, మైపాడు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి చెప్పారు. "ప్రతి కణం చుట్టూ ఒక పొర ఉంటుంది, అది కొవ్వుతో చేసింది. అందులో ఇనోసిటాల్ అనే చక్కెరలాంటిదాన్ని తగిలించుకున్న కొవ్వు ఒకటుంది, కొంచెమే. వెలుగొచ్చి కంటిని తాకింది అనుకో. ఆ సంగతి లోపలికి చేరాలి కదా? అప్పుడు ఈ కొవ్వు రెండుగా తెగుతుంది. ఒక ముక్క లోపలికి పరిగెత్తి చెబుతుంది. రెండోది పొరలోనే ఉండి దాని పని అది చేసుకుంటుంది. అంతటితో అయిపోలేదు. మళ్ళీ ఆ ముక్కలన్నీ ఏరుకుని కొవ్వుని కట్టుకోవాలి. కట్టుకోకపోతే తర్వాత వచ్చే వెలుగు సంగతి ఎవరు చెబుతారు?" ఆ కట్టుకోవడం ఎంత వేగంగా జరుగుతుంది, ఎవరు కడతారు అనేదే ఆయన జీవితం. కండక్టరు టికెట్ అడుగుతుంటే కూడా వినిపించుకోలేదు, నేనే తీసుకున్నాను.

మాది సముద్రానికి దూరంగా, పైన వరి పండించే ఊరు. నాకు చేపల కంపు పడేది కాదు. ఆ సంగతి ఆయన కనిపెట్టారు గానీ ఒక్క మాట అనలేదు. ఆయన తిట్టేదల్లా గాజు దగ్గరే. ఈ కొవ్వు గాజుకి అంటుకుని దిగదు, అందుకే ట్యూబులు ఒక పద్ధతిలో సిద్ధం చేసుకోవాలి. నేను తొందరపడి మామూలు ట్యూబు వాడితే దాన్ని తీసి పక్కన పెట్టి, "దానికి ఇల్లు కట్టించి ఇచ్చినావు, ఇంక బయటికి రమ్మంటే ఎందుకొస్తుంది?" అనేవారు. చేతొడుగు లేకుండా ముట్టుకుంటే, "నీ వేళ్ళ కొవ్వు నాకొద్దు తల్లీ," అనేవారు. ప్రయోగం చెడిపోయి, "రాలేదు సార్," అంటే మాత్రం మెత్తగా, "రాలేదనకు. నాకు కనపళ్ళేదు అను," అనేవారు. ఆ మాట నా వెన్ను మీద చెయ్యి వేసినట్టు ఉండేది. ఎన్ని సాయంత్రాలు ఆ మాట పట్టుకుని రూముకి పోయానో నాకే తెలుసు.

సార్ పోయేటప్పటికి ఆ డబ్బాలో ఉన్నవి నా థీసిస్‌లో ఆఖరి చాప్టరుకి కావాల్సిన కళ్ళు. మళ్ళీ స్క్విడ్లు పడాలంటే సీజన్ రావాలి. అదీ నా కంగారు. ఇది సాకుగా చెప్పడంలేదు. సాకు అనుకుందామన్నా సిగ్గుగానే ఉంది.

ఆరోజు మైపాడులో పడవలు కదల్లేదు. సార్‌ని హాల్లో పడుకోబెట్టారు. కాళ్ళకి దండం పెట్టి లేస్తూ, నా కళ్ళు నాకు తెలియకుండానే వెనక గది వైపు పోయినాయి. గది తలుపు వేసుంది. పోసినారని అమ్మ చెప్పింది కదా అని మనసు కుదుటపడింది. ఆ కుదుటపడినందుకే నా చెంపలు నేనే వాయించుకోవాలి. అందరూ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, అది కూడా ఎవరూ నమ్మరేమో అనిపించింది.

పెద్దకర్మ రోజున మళ్ళీ వెళ్ళాను. అమ్మ కుడిచేతి వేళ్ళకి గుడ్డ చుట్టి ఉంది. "ఏమైందమ్మా?" అంటే, "ఏంలేదు, కాలింది," అని లోపలికి పోయినారు. అక్కడే విస్తళ్ళు తుడుస్తున్న సార్ చెల్లెలు నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వేనా మే, ఫోన్లో ఆ డబ్బా సంగతి అడిగినదానివి?" అనింది.

అవునన్నట్టు తలూపాను.

"కాలిందంట, కాలింది! మా అన్నని హాల్లో పెట్టుకోని, మేమంతా నెత్తీనోరూ కొట్టుకుంటా ఉంటే, మా వదిన లేచి వెనక గదిలోకి పోయింది. ఏంది ఇంకా రాదే అని పోయి చూస్తే, ఆ పొగలు కక్కేదాన్ని ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి ఒంపతా ఉండాది. అది చేతిమీద పడి వేళ్ళంతా బొబ్బలు. 'నీకు మతి పోయిందా వదినా' అంటే, 'ఆ పిల్ల భయపడతా ఉండాది' అంటాది! అదీ సంగతి. తిని పో, ఇంక నిన్ను అడిగేదేముండాది."

అంటే సార్ నైట్రోజన్ పోయలేదు. ఆయన పోయాల్సిన పొద్దు అదే. అమ్మ నాకు అబద్ధం చెప్పి, ఫోన్ పెట్టేసి, ఎప్పుడూ చెయ్యని పని తన చేత్తో చేసింది. అందరిలో నన్ను అట్లా నిలబెట్టి అడిగిందని సార్ చెల్లెలి మీద నాకు కోపం రాలేదు. ఇంకా నాలుగు తిడితే బాగుండనిపించింది.

వంటింట్లోకి పోయి అమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. "నన్ను క్షమించమ్మా," అంటే ఆమె విసుక్కున్నారు. "ఊరుకోమే. దాని నోరు అంతే. ఆ పొద్దు ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఎట్టా పోయినాడు, ఎప్పుడు పోయినాడు, నువ్వు ఆడే ఉండావా, అని ఒకటే అడగడం. చెప్పిందే చెప్పి చచ్చినాను. నువ్వొక్కదానివే నాకు లేచి చేసే పని చెప్పినావు." ఇది వినగానే నాకు బరువు దిగిందని మీరనుకుంటారేమో. లేదు. నేను ఇవ్వనిదానికి ఆమె నాకు పుణ్యం కట్టబెడుతోంది. అది తిట్టుకంటే కష్టంగా ఉంది.

కాసేపయ్యాక ఆమే అన్నారు: "ఒక్కటి అడుగుతా, చేస్తావా? ఇన్నేళ్ళూ ఆయన ఏం వెతికినాడో నేను చూడలేదు. చూపిస్తావా?"

అమ్మ కాలేజీ ల్యాబుకి ఎప్పుడూ రాలేదని నాకు అప్పుడే తెలిసింది. రమ్మని సార్ అడగలేదు, తీసుకుపొమ్మని ఈమె అడగలేదు. అన్నేళ్ళు ఆయనకి అన్నం క్యారియరు కట్టి పంపిన మనిషిని, ఒక్కసారి ఇక్కడికి తీసుకురండి సార్ అని నేను మాత్రం అన్నానా?

వేళ్ళు కాస్త నయమయ్యాక అమ్మ మైపాడు బస్సులో వచ్చినారు. ల్యాబు గుమ్మం ముందు చెప్పులు వదలబోతే, గాజుముక్కలు ఉంటాయని వద్దన్నాను. ఆ డబ్బాలోని కళ్ళలోంచి తీసిన కొవ్వుని ముందుగానే సిద్ధం చేసి పెట్టాను. తెల్లటి పూత ఉన్న పలక అడుగున దాన్ని చుక్కగా పెట్టి ద్రావకంలో నిలబెడితే, కొవ్వులన్నీ వేటి దారిన అవి పైకి పాకుతాయి. ఆరిన పలకని అయోడిన్ ఆవిరి ఉన్న పెట్టెలో పెట్టాను, కొవ్వు ఉన్నచోట రంగు పడుతుంది. అమ్మ స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, చూస్తున్నారు. తెల్లటి పలక మీద గోధుమరంగు మచ్చలు ఒక్కొక్కటే తేలాయి. బయటికి తీసి ఆమె ముందు పెట్టాను.

"ఏదిమే, ఆయనది?"

అన్నిటికంటే కింద ఉన్న చిన్న మచ్చ చూపించాను. పైన ఉన్నవి చాలా పెద్దవి.

"ఇంతేనా?"

"ఇంతే అమ్మా."

"మరి పైనుండే ఆ పెద్దవి?"

"అవి మామూలు కొవ్వులు. ఎప్పుడూ ఉండేవే. సార్ వాటిని పెద్దగా పట్టించుకోలేదు."

"నన్నూ అంతే," అని నవ్వినారు అమ్మ. నవ్వుతానే కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. కళ్ళజోడు పైకి జరిపి, పలక దగ్గరికి మొహం పెట్టి చూసినారు. ఉన్నట్టుండి కంగారుగా, "అయ్యో, ఇది పోతా ఉండాదే!" అన్నారు.

"గాలి తగిలితే రంగు పోతుందమ్మా. అందుకే తొందరగా చుట్టూ పెన్సిల్‌తో గీసి పెట్టుకుంటాం."

"మరి గియ్యి! చూస్తా ఉండావేంది? నీ పని కదా అది."

వద్దమ్మా, నువ్వు చూడు, నా పని తర్వాత, అందామనుకున్నాను. ఆలోపే అమ్మ బల్ల మీది పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టి, పలక కదలకుండా చర్మం ఊడిన వేళ్ళతో అంచులు పట్టుకున్నారు. కింది మచ్చ చుట్టూ మాత్రం గీసినాను, వంకరగా వచ్చింది. మిగతావి వదిలేశాను.

చూస్తుండగానే మచ్చలన్నీ వెలిసిపోయాయి. పలక మొత్తం తెల్లబడింది. అడుగున ఆ వంకర సున్నా ఒక్కటే ఉంది, లోపల ఏమీ లేదు. అమ్మ పలక వదల్లేదు. ఆ సున్నా లోపలికే ఇంకా చూస్తా ఉన్నారు.