కుర్చీల ఫైలులో ఒప్పందం

ఆ శాఖ రికార్డు గదిలో పనిచేసే ఆవిడను అందరూ దబ్బనం పిన్ని అంటారు. అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. కాగితాలకు గుండుసూది గుచ్చారంటే ఆవిడకు ఒళ్లు మండుతుంది. తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుందంటూ దాన్ని పీకి పారేసి, దబ్బనంలోకి దారం ఎక్కించి ఫైలును బొంతలా కుట్టేస్తుంది. ప్రతి పేజీకీ ఎర్ర సిరాతో వరుస సంఖ్య వేస్తుంది. పైనుంచి వచ్చిన కట్టను విడదీయకూడదు, పైన ఏ చీటీ ఉంటే ఆ ఫైలులోకే కట్ట మొత్తం వెళ్లాలి అని చేరిన రోజున పాత గుమస్తా నేర్పాడు. ఆ మాటను ఆవిడ ముప్పై ఏళ్లుగా జవదాటలేదు.

కొత్తగా వచ్చిన పెద్దాఫీసరుకు ఇదంతా చాదస్తంగా కనిపించింది. కంప్యూటర్ల కాలంలో ఈ కుట్టుపని ఆపాలని మెమో ఇచ్చాడు. పిన్ని దాన్ని రెండుసార్లు చదివి, తేదీ చూసుకుని, తన సర్వీసు ఫైలులో కుట్టేసింది. తన చేతుల్లో ఒక్క కాగితం కూడా తారుమారు కాలేదని ఆవిడకు కొండంత గర్వం. ఆ గర్వం కాస్త ఎక్కువేనని ఆవిడంటే ఇష్టమున్న నాలాంటివాళ్లు కూడా ఒప్పుకోవాలి.

పిన్నికి ఒక చెల్లెలు. ఊరి శివార్లలో మొక్కల నర్సరీ నడుపుతుంది. దాని పక్కనే ఒక విదేశీ కంపెనీ శీతల పానీయాల ఫ్యాక్టరీ పెట్టి, లోతైన బోర్లతో నీళ్లు తోడడం మొదలుపెట్టింది. రెండేళ్లలో చుట్టుపక్కల బావులన్నీ ఎండాయి. "అక్కా, మోటారు వేస్తే గాలి వస్తోందే, గులాబీ అంట్లన్నీ మాడిపోతున్నాయి" అని చెల్లెలు ఫోనులో ఏడ్చేది. చివరికి ప్రభుత్వం మేలుకుని, తోడే నీళ్లు సగానికి తగ్గించాలని ఆజ్ఞ ఇచ్చింది. బావిలో మళ్లీ నీటిచెమ్మ కనిపించింది.

కంపెనీ ఊరుకుంటుందా? రెండు దేశాలూ ఇరవై తొమ్మిదేళ్ల కిందట రాసుకున్న పెట్టుబడుల ఒప్పందాన్ని బయటికి తీసింది. మీ దేశం వాళ్లు ఇక్కడ పెట్టుబడి పెడితే మధ్యలో నిబంధనలు మార్చి నష్టపరచం అని అందులో ఉంది. మాట తప్పారంటూ ముగ్గురు విదేశీ మధ్యవర్తుల ముందు కేసు వేసింది. ఓడిపోతే ఆజ్ఞ వెనక్కి తీసుకోక తప్పదని ఆఫీసంతా గుసగుసలు. అంటే చెల్లెలి బావి మళ్లీ ఎండినట్టే.

ఒకరోజు ప్రభుత్వం తరఫు లాయరమ్మ రికార్డు గదికి పరుగున వచ్చింది. "పిన్నీ, సంతకాలకు ముందు జరిగిన చర్చల్లో, నీటి రక్షణకు పెట్టే నిబంధనలు దీని కిందికి రావని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయట. అప్పటి మినిట్స్, అంటే ఆ చర్చలు రాసుకుని సంతకాలు పెట్టిన కాగితాలు, కావాలి. ఒప్పందం ఫైలులో లేవు. వాళ్లేమో అలాంటివేమీ లేవంటున్నారు."

"నా గదిలో లేకపోవడమేమిటి?" అని పిన్ని కొంగు బిగించింది. మూడు రోజులు అరలన్నీ తిరగేసింది. దుమ్ముకు తుమ్మి తుమ్మి తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగో రోజు టీ తాగుతూ ఒక్కసారిగా నవ్వేసింది. ఆ చర్చల ఆఖరి రోజున విదేశీ బృందం పెద్దమనిషి కూర్చున్న కుర్చీ ఫెళ్లున విరిగిన సంగతి గుర్తొచ్చింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది.

కుర్చీల మరమ్మతు ఫైలు తీసింది. నలభై ఒకటో పేజీ, 'అతిథి కుర్చీ, వెనక కాలు విరిగింది' అన్న ఫిర్యాదు చీటీ. నలభై రెండు నుంచి నలభై ఆరు వరకు మినిట్స్. నలభై ఏడు, వడ్రంగి చీటీ. ఆ సాయంత్రం హాలు బల్ల మీది కాగితాలన్నీ ఒకే కట్టగా కిందికి వచ్చాయి. పైన కుర్చీ చీటీ ఉంది. అప్పటికి కొత్తగా చేరిన పిన్ని తనకు నేర్పినట్టే కుట్టేసింది.

ఎవరూ చూడకుండా విప్పి ఒప్పందం ఫైలులో కలిపేద్దామా అని ఆవిడకు అనిపించకపోలేదు. దబ్బనం చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టేసింది. ఫైలును ఉన్నదున్నట్టు లాయరమ్మ చేతిలో పెట్టి, "తప్పు నాదే" అంది. ముప్పై ఏళ్లలో ఆ గదిలో ఆ మాట వినపడడం అదే మొదలు.

పెద్దాఫీసరు గదిలో వీడియో తెర పెట్టి పిన్నిని సాక్షిగా విచారించారు. కంపెనీ లాయరు అనువాదకుడి ద్వారా అడిగాడు: "కుర్చీల ఫైలులో ఒప్పందం కాగితాలా? ఈమధ్యే తయారుచేసి దూర్చారు కదూ?"

"దూర్చాలంటే దారం తెంపాలండి. ఒకటే దారం, ఒకటే కుట్టు. ముందూ వెనకా వడ్రంగి గొడవే, సంఖ్యలు వరుసగా ఉన్నాయి. దొంగ కాగితమైతే తెలివిగా సరైన ఫైలులోనే పెట్టుకునేదాన్ని కదా? కుర్చీల్లో పెట్టింది నా తెలివితక్కువతనం."

"మరి మా దేశ ప్రతినిధి సంతకం ఎందుకింత వంకరగా ఉంది?"

"కుర్చీ విరిగింది కదండీ! పాపం ఆ పెద్దాయన ఇంకో కుర్చీ వద్దని, నవ్వుతూ నిలబడే పెట్టారని ఆ రోజు ఆఫీసంతా చెప్పుకున్నారు."

ముగ్గురు మధ్యవర్తుల్లో ఒకాయన నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

పిన్ని రిటైరయ్యే వారంలో తీర్పు వచ్చింది. నీటి ఆజ్ఞ ఒప్పందానికి విరుద్ధం కాదన్నారు. పెద్దాఫీసరు స్వయంగా కిందికి దిగి వచ్చి, మెమో రద్దు చేసిన కాగితం ఇచ్చాడు. ఆవిడ దాన్ని కూడా మెమో పక్కనే కుట్టేసింది.

"ఇక ఆ మినిట్స్‌ని సరైన ఫైలులోకి మార్చేయండమ్మా" అన్నాడాయన.

"వాటిని కదపకండి సార్. తప్పు దిద్దితే సాక్ష్యం పోతుంది. కావాలంటే ఒప్పందం ఫైలులో, కుర్చీల ఫైలు చూడమని ఒక చీటీ పెడతాను."

సాయంత్రం చెల్లెలు ఫోను చేసింది. "మాట్లాడకు అక్కా, విను" అంది. మోటారు గురగుర, ఆ తర్వాత తొట్టిలోకి నీళ్లు దూకుతున్న చప్పుడు. పిన్ని రికార్డు గది మధ్యలో, ఫోను చెవికి అదిమిపెట్టుకుని, తొట్టి నిండి పొర్లేదాకా నిలబడే వింది.